వంటయింటి నూనెలెక్క

గత సంవత్సరము మా మామగారికి గుండెనొప్పి వచ్చి పదిదినములు వైద్యశాలలో నుండవలసి వచ్చినది. ఇల్లు చేరిన నాడే మా యత్తగారు నేతిగిన్నెను అటకెక్కించిరి. పప్పన్నములో నేతిచుక్క లేక ఆయన విస్తరిముందు చిన్నబుచ్చుకొని కూర్చుండుట చూచి నా ప్రాణ ముసూరుమనెడిది. అయినను సాయంకాలపు పకోడీలు మాత్రము మానలేదు. అవి నూనెతో చేసినవి కాని నేతివి కావు గదా యని మా సమాధానము! అంగడి పఫ్పులును, బిస్కత్తులును అట్లే సాగినవి.

నేతిని నిందించుట సులభము. చరకుడు స్నేహద్రవ్యములలో దానికే అగ్రస్థాన మొసగెను. కాని జఠరాగ్నిబలమును, ఋతువును చూచి వాడవలెనని కూడ చెప్పెను. ఆ రెండవమాట మన చెవి కెక్కలేదు. నేతిలోని కొవ్వులో సగమునకు పైగా సంతృప్తకొవ్వే. అది మితిమీరినచో రక్తములో చెడుకొలెస్టరాలు పెరిగి, గుండెకు రక్తము గొనిపోవు నాళముల గోడలలో పేరుకొనును. చెట్టునుండి వచ్చినది గనుక కొబ్బరినూనె మేలనుకొందుమేమో, అందు సంతృప్తకొవ్వు పదింట తొమ్మిదిపాళ్లు!

అసలు దొంగ వనస్పతి. 1902లో జర్మనుదేశపు రసాయనశాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ నోర్మన్, నూనెలోనికి ఉదజనివాయువును పంపి గట్టిపరచు విధానమునకు పేటెంటు పొందెను. మన దేశమున 1937 నుండి డాల్డా యను పేర నది యింటింట ప్రవేశించినది. చూపునకు నేతివలె నుండును, వెల తక్కువ, త్వరగా చెడదు. బీదయింటి పండుగపిండివంటలకు వేరు గతి యేమున్నది? నూనె సగము గట్టిపడునపుడు ట్రాన్సుకొవ్వు పుట్టునని మన పెద్దలకు చెప్పినవారు లేరు. అమెరికాలో ఫ్రెడ్ కుమ్మెరో యను శాస్త్రజ్ఞుడు ఆ కొవ్వు మనుష్యదేహధాతువులలో చేరుచున్నదని 1957లోనే ప్రకటించినను లక్ష్యపెట్టినవారు తక్కువ. 1990లో నెదర్లాండ్సున మెన్సింక్, కటాన్ అనువారు, ఇది చెడుకొలెస్టరాలును పెంచి మంచిదానిని తగ్గించునని చూపిరి. 2003లో డెన్మార్కు కట్టడి చేసినది. అట్టి నూనెలు నిరపాయములని చెప్పవీలులేదని 2015లో అమెరికా ప్రభుత్వము నిర్ణయించునాటికి కుమ్మెరోగారికి నూరేండ్లు! మన దేశమున 2022 నుండి నూనెలలోను, కొవ్వులలోను ట్రాన్సుకొవ్వు నూటికి రెండుపాళ్లు మించరాదని నియమము గలదు.

నియమముండగా భయమేల యందురా? కాచిన నూనెనే మరల మరల కాచుట మన చేతిలోని పని. వేపుడంగళ్లవా రట్టి నూనెను ఎంతవరకు వాడవచ్చునో ప్రభుత్వము హద్దు పెట్టినది. మన మూకుటిలోనికి తొంగిచూచు అధికారి యెవ్వడు?

ఇక నెంత వాడవలెను? హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలో, దినమునకు 2000 కెలోరీల యాహారము తినువారికి నూనె, నేయి కలిపి 27 గ్రాములు చాలునన్నారు. ఒకే నూనెను పట్టుకొనక మార్చి వాడుడనియు వారి మాట. మా యింట నైదుగురము. వ్రేళ్లమీద లెక్కించితిని: మాసమునకు నాలుగుకిలోలు. అంగడిచీటీ తీసి చూతునుగదా, నూనె ఆరు, నేయి ఒకటి! అందులో తినువారిద్దరు వృద్ధులు, ఒకడు పసివాడు. సిగ్గుతో ఆ చీటీని మా వారికి చూపక రెండుదినములు దాచితిని.

వైద్యునడిగి నేతిగిన్నెను క్రిందికి దింపితిమి. మధ్యాహ్నమున మామగారికి ఒక చిన్నచెంచా. పకోడీలు పక్షమున కొకమారు, చిన్నమూకుటిలో, కొలిచిన నూనెతో. మిగిలిన నూనెను పారబోయుటకు మా యత్తగా రింకను ఒప్పుకొనలేదు. ఆ సంగతి యింట చర్చలో నున్నది.