సూదితో కుట్టే క్రిస్మస్ కార్డు

మిషనరీలు నేర్పిన నర్సాపురం లేసు 2024లో జి.ఐ. గుర్తింపు పొందింది. సూదిపని మన సంఘాలకు కొత్త కాదు. ఈ క్రిస్మస్‌కు కార్డు కుట్టి పంపండి.

డ్రాయింగు షీటును మడిచి, పైభాగాన పెన్సిలుతో నక్షత్రం గీయండి. కార్డు విప్పి, మడిచిన పాత దుప్పటి మీద పరిచి, గీత వెంట అర సెంటీమీటరుకొక రంధ్రం పొడవండి. మరీ దగ్గరైతే కాగితం చిరుగుతుంది. తర్వాత ఎర్రదారంతో కుట్టి, వెనుక కొసలను టేపుతో అంటించండి.

ఒక జాగ్రత్త. షుగరు వల్ల వేళ్లు మొద్దుబారినవారికి సూది గుచ్చుకున్నా తెలియదు. ఆ చిన్న గాయమే చీము పట్టవచ్చు. రంధ్రాలు ఇంకొకరు పొడిచి, వారికి మొనలేని సూది ఇవ్వండి. పని అయ్యాక వారి వేళ్లు చూడండి. పిల్లలున్న ఇంట్లో సూదులు లెక్కపెట్టి డబ్బీలో దాచండి.

మొదటి కార్డు మంచం పట్టిన ఒకరికి పంపండి.