తండ్రి నాటి హెరాల్డ్

స్టాండర్డ్ హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులో తయారైన కారు. బ్రిటన్‌లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు పుట్టింది హెరాల్డ్ ఛాసిస్ మీదే. బాడీ, ఛాసిస్ వేర్వేరు కాబట్టి విప్పడం సులువు. బానెట్ మొత్తం ముందుకు వాలుతుంది. ముందు టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేయవచ్చు.

మాదాపూర్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తండ్రీబిడ్డలు దీన్ని బాగుచేస్తే పని చక్కగా పంచుకోవచ్చు. చెవితో విని కార్బ్యురేటర్ సరిచేయడం తండ్రి నేర్పు. విడిభాగాలు ఆన్‌లైన్‌లో వెతకడం బిడ్డ వంతు. ముందు తుప్పు, తర్వాత బ్రేకులు, ఇంజిన్, రంగు చివర.

మార్పులకు హద్దుంది. అనుమతి లేకుండా ఇంజిన్ మార్చడం చట్టవిరుద్ధం. 2021 నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి అసలు రూపం నిలిచిన కారుకు ‘వీఏ’ సిరీస్ నంబరు ఇస్తారు. ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు వెళ్లవచ్చు. రోజూ హైటెక్ సిటీ ఆఫీసుకు నడపకూడదు.