పరదేశ ప్రవేశపత్రములు



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములందు కువైటు పేరు వినని గ్రామము అరుదు. వాన లేక వేరుసెనగ ఎండిపోయిన యేటనో, మగ్గముమీద గిట్టుబాటు కాని దినములలోనో, కుమార్తె వివాహమునకు చేసిన అప్పు తీరకున్నప్పుడో ఇంటిలో నొకరు దేశాంతరము పోవుటకు సిద్ధపడుదురు. అట్టివారు మొదట వచ్చునది మీ యొద్దకే. అప్పు పత్రముమీద సాక్షి సంతకము మీది. ఏజంటునకు రొక్కము చెల్లించునాడు నడుమ కూర్చుండువారును మీరే. కావున ఆ ప్రయాణమునకు వలయు పత్రములు ఎవ్వి, ఏ పత్రము ఏ హక్కు నిచ్చును, ఏది ఇయ్యదు అను విషయమును ఈ దినమున మీకు విన్నవింప దలచితిని.

మూడు పేర్లను మనము వేఱువేఱుగా ఎఱుగవలెను. మొదటిది పాసుపోర్టు. ఇది మన ప్రభుత్వము 1967వ సంవత్సరపు చట్టము ననుసరించి ఇచ్చునది. ఈ మనుష్యుడు మా దేశమువాడని ఇతర ప్రభుత్వములకు చెప్పు పత్రము మాత్రమే ఇది. రెండవది వీసా. ఇది మనము పోదలచిన దేశమువారు ఇచ్చునది. మూడవది వలస అనుమతి. ఇదియు మన ప్రభుత్వమే ఇచ్చును గాని అందఱకును అక్కఱలేదు. ఈ మూటిలో ఒకటి చేతనున్నంతమాత్రమున తక్కిన రెండును ఉన్నట్లు కాదు. పెక్కుమంది మోసపోవుచున్నది ఇక్కడనే.

వీసా స్వభావము తెలియుటకు మన యింటి వ్యవహారమే చాలును. పెండ్లికి పిలిచినందున ఒకరి యింటికి పోవువాడును, ఆ యింట జీతమునకు కుదిరి పోవువాడును ఒకే గడప దాటి లోపలికి పోవుదురు. కాని వారి హక్కులు ఒకటి కావు. చుట్టము నాలుగు దినములుండి మరలవలెను, జీతము అడుగరాదు. జీతగాడు పని చేయవలెను, జీతము అడుగవచ్చును. దేశముల విషయమునను ఇంతే. ఎందుకు వచ్చుచున్నాడు, ఎన్ని దినములుండును అను రెండు ప్రశ్నలకు ఉత్తరమే వీసా.

వీసా లేకయే దేశములమధ్య తిరుగుట లోకమున ఎచ్చటను లేదా యని కొందఱు నన్నడిగిరి. కలదు. హిందూపురమున రైలెక్కి గౌరిబిదనూరున దిగువాడు ఆంధ్రప్రదేశమును విడిచి కర్ణాటకమున కాలు మోపుచున్నాడు. అతని నెవ్వరును పత్రమడుగరు. ఐరోపాఖండమున కొన్ని స్వతంత్ర దేశములే ఈ విధమైన ఏర్పాటు చేసికొన్నవి. లక్సెంబర్గు అనునది 2,586 చదరపు కిలోమీటర్ల చిన్న దేశము. అందలి షెంగెన్ అను గ్రామమువద్ద 1985 జూన్ 14వ తేదీన అయిదు దేశములవారు తమ నడిమి సరిహద్దు తనిఖీలను తీసివేయుటకు ఒడంబడిక చేసికొనిరి. పోలండు దేశము 2007 డిసెంబరు 21వ తేదీన ఆ ఏర్పాటులో చేరినది. నేడు పోలండువాడు లక్సెంబర్గునకు పోవుటకు వీసా అక్కఱలేదు. గుర్తింపు కార్డు దగ్గఱ నుంచుకొనిన చాలును. అయినను మూడు నెలలకు మించి నివసింపదలచిన యెడల అచ్చటి స్థానికాధికారులయొద్ద పేరు నమోదు చేయించుకొనవలసినదే. తెఱచిన వాకిలికిని నియమము కలదని దీనివలన తెలియుచున్నది. ఆ వాకిలి తెఱచియుండుటకు కారణము ఉభయుల ఒడంబడిక. అట్టి ఒడంబడిక లేనిచోట వీసాయే వాకిలి.

మన దేశమునకు వచ్చు పరదేశీయులకును ఈ నియమములు తప్పవు. పెనుకొండ దాపున ఎఱ్ఱమంచిలో కొరియా దేశపు కియా సంస్థవారి కార్ల కర్మాగారము 2019లో పని ప్రారంభించినది. అందు కొలువు చేయుటకు వచ్చు కొరియావాడు మన ప్రభుత్వమునుండి ఉద్యోగ వీసా పొంది రావలెను. ధర్మవరమున రైలు దిగి పుట్టపర్తికి పోవు పరదేశ యాత్రికునకు యాత్రిక వీసా చాలును. కాని ఆ యాత్రికుడు పుట్టపర్తినుండి ఎఱ్ఱమంచికి వచ్చి, యాత్రిక వీసాతోనే జీతమునకు కుదురరాదు. కుదిరిన యెడల మన చట్టము అతనిని తప్పు చేసినవానిగా నెంచును. మన మిచ్చట ఈ నియమమును న్యాయమని యెంతుము. మన బిడ్డ పరాయి దేశమునకు పోయినప్పుడును ఇదే నియమము వర్తించునని మఱవరాదు.

ఇక కువైటు సంగతి. ఆ దేశము వైశాల్యమున సుమారు 17,800 చదరపు కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడిపోకముందు మన అనంతపురము జిల్లా 19,130 చదరపు కిలోమీటర్లు. అనగా మన పాత జిల్లాకంటెను చిన్నది. 1961లో దినారు వచ్చువఱకు అచ్చట చెల్లిన నాణెము మన రిజర్వు బ్యాంకువారి రూపాయియే. ఆ దేశమున నేడు స్వదేశీయులకంటె పరదేశీయులే అధికముగా నున్నారు. ఆ పరదేశీయులలో భారతీయులదే పెద్ద సంఖ్య.

అచ్చట పని చేయువారి నివాసహక్కును చట్టపు సంఖ్యలతో చెప్పుట వాడుక. 18వ సంఖ్య యనిన కంపెనీలలోను దుకాణములలోను పని చేయువారిది. 20వ సంఖ్య యనిన ఇండ్లలో వంట, ఊడ్పు, పిల్లల పెంపకము, కారు నడుపుట మొదలగు పనులు చేయువారిది. దర్శన వీసా అనగా విజిట్ వీసా, ఈ రెండింటిలో ఏదియు గాదు. అది చుట్టపుచూపు వీసా. దానితో పోయినవాడు పని చేయుట అచ్చటి చట్టమునకు విరుద్ధము. గడువు దాటి నిలిచిన దినదినమును జరిమానా పెరుగును; పట్టుబడినచో నిర్బంధమును, దేశబహిష్కారమును కలుగును. ఇట్లు పత్రములు లేక చిక్కుకొన్నవారు జరిమానా లేకుండ స్వదేశమునకు పోవచ్చునని కువైటు ప్రభుత్వము 2018లోను, మరల 2024లోను గడువు లిచ్చినది. అట్టి క్షమాభిక్ష ఎప్పుడు వచ్చునో ఎవ్వరును ముందుగా చెప్పలేరు.

పెనుకొండకు సమీపమున నొక గ్రామమునుండి ఒక తల్లి తన కోడలికి వచ్చిన కాగితమును నాకు చూపినది. ఇంటిపని, నెలనెలా జీతము, రెండేండ్ల ఒప్పందము అని ఏజంటు నోటిమాటగా చెప్పెనట. కాగితమున నున్నది దర్శన వీసా. గడువు ఒక్క నెల. జీతము మాట అందు ఎచ్చటను లేదు. యజమాని పేరును లేదు. "కాగితము రంగులతో నున్నది, ముద్ర కూడ నున్నది గదయ్యా" యని ఆమె యన్నది. ముద్ర నిజమే కావచ్చును. ఆ ముద్ర చుట్టమునకు వేసినదే గాని పనికత్తెకు వేసినది గాదని చెప్పితిని. అప్పటికింకను పొలము తాకట్టు పడలేదు. ఆ కాగితముతో ఆ కోడలు బయలుదేరలేదు.

ఏజంట్లు దర్శన వీసాను ఏల యిత్తురు? దీనికి ఉత్తరము మూడవ పత్రమైన వలస అనుమతిలో నున్నది. పదవ తరగతి ఉత్తీర్ణులు గానివారి పాసుపోర్టును సామాన్యముగా ఈ.సి.ఆర్. తరగతిలో చేర్తురు. ఈ తరగతివారు కువైటు మొదలగు 18 దేశములకు ఉద్యోగార్థము పోవునెడల, 1983వ సంవత్సరపు వలస చట్టము ప్రకారము ప్రొటెక్టరు ఆఫ్ ఎమిగ్రాంట్స్ అను వలస రక్షకాధికారి అనుమతి పొందవలెను. ఆయన ఒప్పందమును, జీతమును, యజమానిని విచారించి అనుమతి నిచ్చును. విహారార్థము పోవువారికి ఈ అనుమతి అక్కఱలేదు. కావున విచారణ తప్పించుకొనుటకు పనికి పోవువానిని చుట్టముగా చూపుదురు. అధికారి కన్ను తప్పించుకొన్నంతనే ఆయన రక్షణయు తప్పిపోవుచున్నది.

ఈ రక్షకాధికారి పేరు క్రొత్తది కాదు. 1860లో చెన్నపట్టణమునుండి ట్రూరో అను ఓడ కూలీలతో దక్షిణాఫ్రికాలోని నెటాలునకు పోయినది. నాటినుండి వేలకొలది తెలుగువారును తమిళులును ఆ దారిని ఒప్పందపు కూలికి పోయిరి. ఏ ఒప్పందముమీద వ్రేలిముద్ర వేయుచున్నారో తెలియనివారు వారిలో ఎందఱో. అట్టి ప్రయాణములను కనిపెట్టుట కేర్పడిన ఉద్యోగమే ఈ పేరుతో నేటికిని నిలిచియున్నది.

స్త్రీల విషయమున నియమము మఱింత గట్టిది. ఈ.సి.ఆర్. పాసుపోర్టు గల స్త్రీకి 30 సంవత్సరములు నిండనిదే ఈ దేశములలో ఇంటిపనికి అనుమతి యియ్యరు. నిండినవారిని సైతము ప్రభుత్వము గుర్తించిన ప్రభుత్వసంస్థల ద్వారానే పంపవలెనని 2016 నుండి నిబంధన కలదు. మన రాష్ట్రమున అట్టి సంస్థ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ. వయస్సు ఎక్కువ చూపి పత్రములు చేయింతుననువాడు మేలు చేయువాడు కాడు. తప్పు వయస్సుతో పోయిన ఆడబిడ్డ ఆపద వచ్చినప్పుడు తన పేరు నిజముగా చెప్పుకొనుటకే భయపడును.

సొమ్ము సంగతియు చెప్పవలెను. ప్రభుత్వమున నమోదయిన ఏజంటు తన సేవకు 30,000 రూపాయలును, దానిపై పన్నును మాత్రమే తీసికొనవలెను, రసీదు ఇయ్యవలెను. అతని క్రింద ఊరూర తిరుగు ఉప ఏజంట్లకు చట్టమున తావు లేదు. వలస అనుమతితో పోవువారికి ప్రవాసీ భారతీయ బీమా కలదు. రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు చెల్లించిన, ప్రమాదమున మరణించినను శాశ్వతముగా అంగహీనులైనను 10 లక్షల రూపాయలు ముట్టును. దర్శన వీసాతో పనికి పోయినవారి కుటుంబమునకు ఈ ఆధారము లేదు.

కువైటు చేరినపిమ్మట వైద్యపరీక్షయు, వ్రేలిముద్రలును ముగిసి నివాసపత్రమును, పౌర గుర్తింపు కార్డును వచ్చును. ఆ కార్డే అచ్చట మనుష్యునకు అండ. ఇంటిపనివారిని గూర్చి కువైటులో 2015వ సంవత్సరపు 68వ సంఖ్య చట్టము కలదు. దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదనియు, వారమున కొక దినము సెలవనియు, యేటికి 30 దినములు జీతముతో సెలవనియు అందు వ్రాయబడినది. పాసుపోర్టును యజమాని తనయొద్ద నుంచుకొనుటయు అందు నిషిద్ధము. 18వ సంఖ్యవారు దేశము విడుచుటకు 2025 జులై 1 మొదలుకొని యజమాని సమ్మతితో నిర్గమ అనుమతి పొందవలసియున్నది. చట్టమున్నను అది చేతికందుట అన్ని యిండ్లలోను సులభము కాదు. కాని ఆ చట్టమును చూపి న్యాయమడుగుటకు సరియైన వీసాతో పోయినవారికే ధైర్యముండును.

ఇక మీరు చేయదగిన పని. అప్పు పత్రముమీద సంతకము చేయుటకు ముందు అయిదు ప్రశ్నలడుగుడు. మొదటిది: వీసా ఏ తరగతిది? రెండవది: యజమాని పేరు, జీతము, పని ఒప్పందమున వ్రాసియున్నవా? మూడవది: పాసుపోర్టు ఈ.సి.ఆర్. తరగతిదైనచో వలస అనుమతి వచ్చినదా? నాలుగవది: ఏజంటు నమోదు సంఖ్య ఏది, రసీదు ఏది? అయిదవది: ఈ పత్రములన్నిటి నకళ్లు ఇంటియొద్ద నున్నవా? సందేహమున్న యెడల ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రమువారి 1800 11 3090 సంఖ్యకు రుసుము లేక ఫోను చేయవచ్చును. నియమములు మాఱుచుండును; కావున నిరుడు పోయినవాని అనుభవమును ఈ యేటి ప్రయాణమునకు ప్రమాణముగా కొనక, బయలుదేరునాటి నియమమును విచారింపుడు.

దేశాంతరము పోవుట తప్పు కాదు. పోయినవారు సంపాదించి తెచ్చిన సొమ్ముతో మన యూళ్లలో ఇండ్లు లేచినవి, పిల్లలు చదువుకొనిరి. ప్రయాణమును మానిపింపుడని నేను చెప్పుట లేదు. పోవువారు పనివారుగానే, పనివారి పత్రముతోనే పోవునట్లు చూడుడని మాత్రమే ప్రార్థించుచున్నాను. నెల దినములు ఆలస్యమైనను నష్టము లేదు. విమానమెక్కిన తరువాత ఆ కాగితమును మార్చుట మీ చేతను గాదు, నా చేతను గాదు.