టైము అడగని ఆఫీసు ఏమి అడుగుతుంది?

హైదరాబాదు హైటెక్ సిటీలోనో, బెంగళూరులోనో కొత్తగా ఉద్యోగంలో చేరిన అబ్బాయి మొదటి వారం ఇంటికి ఫోను చేసి చెప్పే మాటలు చాలా ఇళ్లలో ఒకేలా ఉంటాయి. "అబ్బాజాన్, ఇక్కడ హాజరు పట్టీ లేదు. పదింటికి వచ్చినా, పదకొండింటికి వచ్చినా ఎవరూ అడగరు. మేనేజరును సార్ అనవద్దట, పేరు పెట్టి పిలవమన్నారు. టీ షర్టు వేసుకుని రావచ్చు. ఒక మూల క్యారమ్ బోర్డు కూడా ఉంది."

వింటున్న తండ్రికి సంతోషం. దాంతోపాటు చిన్న అనుమానం కూడా. ముప్పై ఏళ్లు దుకాణం నడిపిన మనిషికో, డిపోలో డ్యూటీ చేసిన మనిషికో ఆ అనుమానం సహజం. అడిగేవాళ్లు లేని చోట పని ఎలా సాగుతుంది? ఇంత స్వేచ్ఛ ఇచ్చేవాళ్లు బదులుగా ఏమి కోరుతారు?

మన పిల్లలు ఏటేటా ఇలాంటి ఆఫీసుల్లోకి అడుగుపెడుతున్నారు కనుక, ఈ ప్రశ్నకు జవాబు మనకూ తెలిసి ఉండాలి.

ఈ స్వేచ్ఛ ఎందుకు?

మిషను దగ్గర ఎనిమిది గంటలు నిలబడితే ఎనిమిది గంటల సరుకు వస్తుంది. ఆలోచనతో చేసే పనికి ఆ లెక్క కుదరదు. సాఫ్ట్‌వేర్ రాసేవాడు ఆరు గంటలు కుర్చీలో కూర్చున్నా చిక్కుముడి విడకపోవచ్చు. మర్నాడు ఉదయం నడకలో అదే విడిపోవచ్చు.

ఈ సంగతిని అమెరికాలోని త్రీఎం కంపెనీ చాలా ముందే గుర్తించింది. సాంకేతిక సిబ్బంది తమ పని వేళల్లో 15 శాతం సొంత ఆలోచనలకు వెచ్చించవచ్చని 1948లోనే వీలు కల్పించింది. అక్కడ 1968లో స్పెన్సర్ సిల్వర్ అనే శాస్త్రవేత్త ఒక జిగురు తయారుచేశాడు. అది గట్టిగా అంటుకోదు, తేలిగ్గా ఊడి వస్తుంది. చాలాకాలం దానికి సరైన ఉపయోగమే దొరకలేదు. కొన్నేళ్లకు ఆర్ట్ ఫ్రై అనే సహోద్యోగి, పాటల పుస్తకంలో గుర్తుగా పెట్టుకునే చీటీలు జారిపోకుండా ఆ జిగురు పనికొస్తుందని గ్రహించాడు. 1980లో అమెరికా అంతటా అమ్మకానికి వచ్చిన 'పోస్ట్ ఇట్' చీటీలు అలా పుట్టాయి. ఈరోజు అవి లేని ఆఫీసు అరుదు.

గూగుల్ కూడా ఇదే దారి పట్టింది. 2004లో షేర్లు జారీ చేసినప్పుడు వ్యవస్థాపకులు రాసిన లేఖలో, ఉద్యోగులు 20 శాతం సమయాన్ని కంపెనీకి మేలు చేస్తుందని తాము నమ్మే పనికి ఇవ్వాలని ప్రోత్సహిస్తున్నట్టు తెలిపారు. గూగుల్ న్యూస్ తొలి రూపం అలా తయారైనదే. అయితే అక్కడ పెద్ద హోదాలో పనిచేసిన మరిస్సా మేయర్ తర్వాతి కాలంలో, అది నిజానికి 120 శాతం అని వ్యాఖ్యానించారు. అసలు పని పూర్తిగా చేసి, ఆపైన మిగిల్చుకున్న సమయమే ఆ స్వేచ్ఛ అన్నమాట.

కొలత మారింది, పోలేదు

నెట్‌ఫ్లిక్స్ సంగతి చూడండి. జీతగాళ్ల సెలవులకు ఇన్ని రోజులని లెక్క పెట్టని కంపెనీగా అది పేరుపొందింది. తమ పద్ధతులను వివరించే పత్రాన్ని 2009లో అందరికీ అందుబాటులో పెట్టింది. సెలవుల స్వేచ్ఛ గురించి రాసిన ఆ పత్రంలోనే మరో మాట కూడా ఉంది. ఏదో సరిపడా పనిచేసేవారికి మంచి పరిహారం ఇచ్చి సాగనంపుతామన్నది దాని సారాంశం. ఒక ఉద్యోగి వేరే చోటికి వెళ్తానంటే, ఆపడానికి తాను గట్టిగా ప్రయత్నిస్తాడా అని ప్రతి మేనేజరూ తనను తాను ప్రశ్నించుకోవాలి.

అంటే సడలింపు, కాఠిన్యం రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. మన అబ్బాయి ఫోనులో చెప్పింది మొదటి సగమే. పాత ఆఫీసు గంటలను కొలిచేది. ఈ ఆఫీసు చేతికందిన పనిని కొలుస్తుంది. గంటల కొలత గోడ మీద గడియారంలో కనిపిస్తుంది. ఈ కొలత కనిపించదు కనుక కొత్తవాడు ఏమరుపాటుగా ఉంటాడు.

చెప్పకుండా నడిచే పద్ధతులు

వాల్వ్ అనే వీడియో గేముల కంపెనీ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది. 2012లో బయటికి వచ్చిన దాని ఉద్యోగుల చిన్న పుస్తకం ప్రకారం, అక్కడ పైఅధికారులు లేరు. బల్లలకు చక్రాలుంటాయి. నచ్చిన బృందం దగ్గరికి ఎవరి బల్లను వారే తోసుకుపోవచ్చు. వినడానికి ఎంతో బాగుంది. కానీ అక్కడ పనిచేసి బయటికి వచ్చిన జెరీ ఎల్స్‌వర్త్ అనే ఇంజనీరు 2013లో వేరే మాట చెప్పారు. పైకి అందరూ సమానమే అయినా లోపల కనిపించని అధికార వర్గం ఒకటి ఉందనీ, అదంతా స్కూలు పిల్లల గుంపుల్లా నడిచేదనీ ఆమె అన్నారు.

రాసిన నియమం లేని చోట రాయని నియమం వచ్చి కూర్చుంటుంది. "ఎప్పుడైనా రండి" అంటారు, కానీ పదిన్నర మీటింగులో ఎవరు లేరో అందరూ గమనిస్తారు. "తొందరేం లేదు" అంటారు, రెండోరోజు మాత్రం ఆ పని గురించి అడుగుతారు.

ఆఫీసు ఉద్యోగాలకు అలవాటుపడిన ఇళ్ల పిల్లలు ఇవన్నీ ఇంట్లో మాటల మధ్యే నేర్చుకుంటారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా అందుకున్న పిల్లవాడికి చెప్పేవాళ్లుండరు. పెద్దల ముందు ఎదురు మాట్లాడకూడదన్న మంచి అలవాటుతో మీటింగులో మౌనంగా కూర్చుంటాడు. అక్కడివాళ్లు దాన్ని ఆసక్తి లేదని అర్థం చేసుకుంటారు. పని చిక్కుపడితే అడగడానికి మొహమాటపడి మూడు రోజులు ఒంటరిగా తంటాలు పడతాడు. ఆరు నెలల ప్రొబేషన్ చివర పని బాగాలేదని చెప్పినప్పుడు, అంతవరకూ ఎవరూ ఒక్కమాటా అనలేదే అని విస్తుపోతాడు.

సెలవుల విషయంలోనూ ఇదే చిక్కు. పరిమితి లేదంటే ఎంత తీసుకోవచ్చో తెలియక చాలామంది తక్కువే తీసుకుంటారు. కిక్‌స్టార్టర్ కంపెనీ 2015లో అపరిమిత సెలవుల పద్ధతిని మాని ఏడాదికి 25 రోజులని నిర్ణయించింది. ఎన్ని రోజులు సబబో అన్న సందేహం ఎవరికీ ఉండకూడదన్నదే కారణం.

మేలు కూడా నిజమే

ఇదంతా చదివి ఇలాంటి ఉద్యోగం వద్దనుకోనక్కర్లేదు. జుమా నమాజుకు వెళ్లడానికి అర్జీ పెట్టుకోనవసరం లేని ఆఫీసు ఎంతో ఊరట. రంజాన్‌లో పెందలాడే పని మొదలుపెట్టి ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరవచ్చు. జ్వరం వచ్చిన బిడ్డను ఒడిలో పెట్టుకుని ఇంటి నుంచే పనిచేసే తల్లికి ఆ సౌకర్యం విలువ ఎంతో తెలుసు.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆఫీసు ఎంత సరదాగా ఉన్నా చట్టం ఇచ్చిన హక్కులు అలాగే ఉంటాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట మహిళల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. స్నేహం పేరుతో ఎవరైనా హద్దు మీరితే మన ఆడపిల్లలు ఆ కమిటీని ఆశ్రయించవచ్చు.

మనం చేయగలిగింది

చేరిన మొదటి వారంలోనే మూడు ప్రశ్నలు అడగమని పిల్లలకు చెబుదాం: నేను చేయవలసిన పని ఏది? ఎప్పటిలోగా? ఎలా ఉంటే అది పూర్తయినట్టు? పని చిక్కుపడితే ఒక పూటకు మించి మౌనంగా ఉండవద్దు. ప్రతి శుక్రవారం, అయిన పనినీ మిగిలిన పనినీ నాలుగు వాక్యాల్లో మేనేజరుకు రాసి పంపాలి. ప్రొబేషన్, నోటీసు గడువు, సెలవుల షరతులను ఆఫర్ లెటర్‌లో సంతకానికి ముందే చదువుకోవాలి.

మీలో కొందరు కంపెనీలు నడుపుతున్నారు. కొందరి పిల్లలు ఇలాంటి ఆఫీసుల్లో ఇప్పటికే స్థిరపడ్డారు. ఫీజు కట్టి చదివించిన పిల్లవాడు ఉద్యోగంలో చేరేముందు అతనితో ఒక గంట కూర్చుని ఈ రాయని పద్ధతులను విడమరచి చెప్పగలిగేది మీరే. ఆ గంటకు ఖర్చేమీ లేదు. కట్టిన ఫీజు వృథా కాకుండా అది కాపాడుతుంది.

ఇక ఫోనులో మాట్లాడే తండ్రికి ఒక సూచన. "ఎన్నింటికి వెళ్లావు బేటా?" అని కాకుండా "ఈ వారం ఏ పని పూర్తి చేశావు? ఏది ఆగిపోయింది? ఎవరిని అడిగావు?" అని అడగండి. ఆఫీసు పైకి అడగకుండా లోలోపల లెక్క చూసుకునేది కూడా ఇదే.