లాగిన్ పాస్‌వర్డ్ ఉందని ధీమాగా ఉన్నారా? బూట్ మెనూకూ తాళం వేయాల్సిందే..!

శామీర్‌పేట పరిధిలోని లాల్‌గడి మలక్‌పేట్ జీనోమ్ వ్యాలీకి దగ్గర్లోనే ఉంటుంది. ఇలాంటి చోట ల్యాబ్‌లు, ఆఫీసుల్లో ఒకే కంప్యూటర్‌ను షిఫ్టుకొకరు వాడటం మామూలే. లాగిన్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా, ఇంకేం భయం అనుకుంటారు చాలామంది. కానీ ఆ పాస్‌వర్డ్ అడిగేలోపే లోపలికి వెళ్లే దారి ఒకటుంది. అదే బూట్ మెనూ.

ప్రమాదం ఎక్కడ?
ఉబుంటు వంటి లైనక్స్ కంప్యూటర్ ఆన్ చేశాక, ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందు లేచేది ‘గ్రబ్’ అనే ప్రోగ్రామ్. దాని మెనూలో ‘ఇ’ కీ నొక్కి ఒక్క లైన్ మారిస్తే చాలు.. పాస్‌వర్డ్ లేకుండానే పూర్తి అధికారాలు చేతికొచ్చేస్తాయి. విండోస్‌కూ ముప్పు ఉంది. చాలా డెల్, లెనోవో మోడళ్లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కి పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే, ఎన్‌క్రిప్షన్ లేని డిస్క్‌లోని ఫైళ్లన్నీ చదివేయొచ్చు.

తాళం ఎలా వేయాలి?
* గ్రబ్‌లో ‘సూపర్‌యూజర్’ పేరు, పాస్‌వర్డ్ పెట్టాలి. పాస్‌వర్డ్‌ను నేరుగా రాయకుండా, గ్రబ్‌తో వచ్చే టూల్‌తో హ్యాష్‌గా మార్చి సెట్టింగ్స్‌లో చేర్చి, గ్రబ్‌ను అప్‌డేట్ చేయాలి.
* రోజూ వాడే ఎంట్రీకి ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ అని చేర్చాలి. ఇది మరిస్తే ఆన్ చేసిన ప్రతిసారీ పాస్‌వర్డ్ అడుగుతుంది. చేరిస్తే మామూలుగానే ఆన్ అవుతుంది, మెనూ మార్చబోతేనే అడ్డుపడుతుంది.
* బయోస్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టి, పెన్‌డ్రైవ్ బూట్‌ను ఆపేయాలి. విండోస్ వాడేవాళ్లు ముందుగా బిట్‌లాకర్ రికవరీ కీని భద్రపరుచుకోవాలి.

ఇంతటితో సరిపోతుందా?
సరిపోదు. డిస్క్‌ను విప్పి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఈ తాళాలేవీ పనిచేయవు. అందుకే డిస్క్ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. అప్‌డేట్లూ ముఖ్యమే. 2015 డిసెంబర్‌లో స్పెయిన్‌లోని వాలెన్సియా పాలిటెక్నిక్ యూనివర్సిటీ పరిశోధకులు గ్రబ్‌లో ఓ లోపాన్ని బయటపెట్టారు. యూజర్‌నేమ్ అడిగిన చోట బ్యాక్‌స్పేస్ 28 సార్లు నొక్కితే తాళం తెరుచుకునేది! తర్వాత దాన్ని సరిచేశారు. పాత వెర్షన్‌లోనే ఉండిపోయిన మెషీన్లకు మాత్రం ఆ ముప్పు అలాగే ఉంటుంది.

చివరిగా ఒక్కమాట.. ఈ పాస్‌వర్డ్‌ను కాగితంపై రాసి బీరువాలో పెట్టుకోండి. మర్చిపోతే రిపేర్ సమయంలో మీకే తిప్పలు!