కంప్యూటరు చూపిన తరుగు

గత పది పండ్రెండేండ్లలో మన సంఘములలో పెక్కింటికి కంప్యూటరు వచ్చినది. నూలు ఇచ్చుట, చీరె పుచ్చుకొనుట, కూలి లెక్క, జి.ఎస్.టి. బిల్లు, అన్నియు దానిలోనే సాగుచున్నవి. షోలాపూరైనను, సేలమైనను, బరంపురమైనను మన కార్యదర్శుల ఇక్కట్టు ఒక్కటే. యంత్రము వచ్చినది గాని, దానిమీద అధికారము ఎవరిదో పాలకవర్గములు తీర్మానించలేదు. అమ్మిన కంపెనీవారు చెప్పినట్లు నడుచుకొనుచున్నాము. ఇందువలన ఏమి జరుగగలదో మా సంఘములో కన్నులార చూచితిని గనుక సోదర సంఘములవారికి తెలుపుచున్నాను.

2022 మార్చి నెలాఖరున మా సరుకు లెక్కపెట్టగా, కంప్యూటరు చూపిన దానికంటె 14 చీరెలు తక్కువ వచ్చినవి. ఖరీదు 64,400 రూపాయలు. సరుకు మా గుమాస్తా అధీనములో నుండును. ఇరువదియారు సంవత్సరముల సర్వీసు గల మనిషి. మరల రెండుసార్లు లెక్కించితిమి. 14 తక్కువే. పాలకవర్గములో కొందరు "కంప్యూటరుకు అబద్ధమాడవలసిన పని యేమి?" అనిరి. నెలకు ఇంత చొప్పున జీతములో విరుగగోయుటకు నోటీసు ఇయ్యవలెనని నిర్ణయమైనది. ఆ నోటీసు వ్రాసినవాడను నేనే.

అతడు మారు పలుకలేదు. మరునాడు ఒక సంచిలో తన దినచిట్టాలు తెచ్చి నా బల్లమీద పెట్టెను. కంప్యూటరు వచ్చిన తరువాత చేతిచిట్టా అవసరము లేదని మేమే చెప్పియుంటిమి. అలవాటు మానలేక తన డబ్బుతో నోటు పుస్తకములు కొని వ్రాయుచు వచ్చినాడట. ఇద్దరము మూడు రాత్రులు కూర్చుండి పద్దు పద్దు పోల్చి చూచితిమి. కార్తీకమాసములో ఒక వానరోజున అయిదుగురు నేతగాండ్రు 14 చీరెలు తెచ్చిరి. చిట్టాలో అవి ఒక్కసారి. కంప్యూటరులో రెండుసార్లు. ఆనాడు ఇంటర్నెట్టు తెగి తెగి వచ్చుచుండెను. మీట నొక్కగా తెర కదలలేదు. పద్దు పడలేదనుకొని మరల నొక్కినాడు. రెండును పడినవి. ఆ రోజులలో కూలి పట్టీని విడిగా చేతితో వ్రాయుచుంటిమి గనుక, ఆ 14 చీరెలకు కూలి ఒక్కసారే ముట్టినట్లు కూడ రుజువైనది. నూలు ఖాతాలు తీసి చూడగా, ఆ అయిదుగురి పేర నూలు కూడ రెండింతలు ఖర్చైనట్లు పడియున్నది. అనగా మగ్గముమీద ఉండవలసిన నూలు లెక్కలో తరిగిపోయినది. వారు అడుగలేదు. మేము చూడలేదు.

నోటీసు రద్దు చేసి, పాలకవర్గము అతనికి క్షమాపణ చెప్పినది. అతడు చిట్టా వ్రాయుట మానియున్నచో ఏమయ్యెడిదో అను తలపు నన్ను చాలకాలము వదలలేదు.

అట్లు చిట్టా లేనివారికి ఏమైనదో ఇంగ్లండు పోస్టాఫీసు వ్యవహారము చూపుచున్నది. అక్కడ సబ్ పోస్టుమాస్టరనగా జీతగాడు కాడు. తన దుకాణములో ఒక మూల తపాలా పని నడుపు చిన్న వర్తకుడు. లెక్కలో తరుగు వచ్చినచో అతడే కట్టుకొనవలెనని పోస్టాఫీసువారు పట్టుబట్టెడివారు. 1999 నుండి అక్కడ హొరైజన్ అను కంప్యూటరు పద్ధతి ప్రవేశించినది. ఫుజిత్సు కంపెనీవారిది. అది వచ్చినది మొదలు తరుగులు కనబడసాగినవి. ఒకామె తెరమీద 2,000 పౌనుల తరుగు చూచి, సహాయమునకు ఫోను చేసి, వారు చెప్పినట్లు నొక్కగా అది 4,000 అయినది. ఫోను చేసినవారిలో అనేకులకు దొరికిన జవాబు, "ఇట్టి ఇబ్బంది మీకొక్కరికే వచ్చినది" అని. 2015లో స్కాట్లండులోని డాల్మెల్లింగ్టనులో, 8,000 పౌనుల పద్దు వ్రాయుచుండగా తెర నిలిచిపోయినది. నొక్కిన ప్రతిసారియు ఒక పద్దు పడి, 24,000 పౌనుల తేడా వచ్చినది. మా 14 చీరెల కథ అదే. అక్కడ అంకె పెద్దది.

2015 వరకు జరిగిన ఇట్టి కేసులలో 900 మందికి పైగా శిక్ష పొందిరి. జైలుకు పోయినవారు కలరు, ఇండ్లు అమ్ముకొన్నవారు కలరు, ప్రాణములు తీసికొన్నవారును కలరు. అక్కడి చట్టములో 1999లో చేసిన మార్పు మూలమున, కంప్యూటరు సరిగనే పనిచేయుచున్నదని కోర్టు ముందుగా నమ్మును. తప్పు పట్టువాడే తప్పు చూపవలెను. పల్లెలోని దుకాణదారునికి యంత్రము లోపలి సంగతి ఎట్లు తెలియును? శాఖ లెక్కను ఆ శాఖలోనివారు తప్ప ఇతరులు మార్చలేరని చాలకాలము చెప్పుచు వచ్చిరి. ఫుజిత్సు ఉద్యోగులు దూరమునుండియే మార్చగలిగియుండిరని తరువాత తేలినది. ఆలన్ బేట్స్ అను మాజీ సబ్ పోస్టుమాస్టరు 555 మందిని కూడగట్టి వ్యాజ్యము వేయగా, 2019 డిసెంబరులో హైకోర్టు హొరైజన్ లోపములను తేల్చి తీర్పు చెప్పినది. 2021 ఏప్రిల్‌లో 39 మంది శిక్షలు ఒక్కనాడే రద్దయినవి. తక్కినవారికొరకు 2024 మే నెలలో పార్లమెంటు ప్రత్యేకముగా చట్టము చేయవలసివచ్చినది.

లోపములేని యంత్రము ఎక్కడను లేదు. మన మగ్గమునకు మాత్రము పోగు తెగదా? తెగిన పోగును నేతగాడు చూచి ముడివేయును. అక్కడ చూడవలసిన పెద్దలు చూడలేదు. కంపెనీవారి మాట నమ్మి, తమ మనిషి మాట నమ్మలేదు. 2008లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థవారు ఈ విషయమునకే 38500 అను నంబరుతో ఒక ప్రమాణము వెలువరించిరి. సారాంశమేమనగా, కంప్యూటరు పనివారికి వదలివేయవలసినది కాదు. దానిని బేరీజు వేయుట, దారి చూపుట, కనిపెట్టియుండుట పాలకవర్గము బాధ్యత. లక్షలు ఖర్చుపెట్టి సలహాదారులను పిలువనక్కరలేదు. సంఘపు ముద్రను, చెక్కు పుస్తకమును ఎట్లు కాపాడుచున్నామో అట్లే కాపాడవలెను.

మా సంఘములో అప్పటివరకు అందరికి ఒకే పాస్‌వర్డు. అదియు తెరప్రక్కన కాగితముమీద వ్రాసి అంటించియుండెడిది. ఎవరు ఏ పద్దు వ్రాసిరో తెలియుటకు మార్గమే లేదు. ఇప్పుడు ఎవరిది వారికే. పడిన పద్దును తుడుచుటకు ఎవరికిని, నాకు సైతము, అధికారము లేదు. తప్పు పడినచో కారణము వ్రాసి ఎదురు పద్దు వేయవలెను. మన పెద్దలు ఖాతాలో ఎఱ్ఱసిరాతో కొట్టి, ప్రక్కన సంతకము చేయుట ఇట్టిదే గదా. చీరెలను ఇన్ని యని కాక ముక్క నంబరుతో ఎక్కించుచున్నాము. ఒక నంబరు రెండవసారి వచ్చినచో యంత్రము పుచ్చుకొనదు. ఈ ఏర్పాటు మొదటనే కోరియుండవలసినది. ఏమి కావలెనో మాకు తెలియక, కంపెనీవారు చూపినది కొంటిమి. ప్రతి శనివారము స్టాకు కాగితము అచ్చుతీసి, ఒక డైరెక్టరు పది వస్తువులు చేతితో లెక్కించి సంతకము చేయును. నేతగానికి నూలు నిలువ, కూలి చూపు చీటీ ఇచ్చుచున్నాము. ఇది ఇంగ్లీషులో వచ్చుచుండెను. మావారు ఇంట తెలుగే మాటలాడుదురు గాని చదువునది తమిళ అక్షరములు. చీటీ తమిళములోనికి మార్చిన మొదటి నెలలోనే ముగ్గురు వచ్చి తమ నూలు లెక్క తప్పని చూపిరి. అందు రెండు నిజముగా తప్పులే.

ఇంటర్నెట్టు దుకాణము సంగతి వేఱు తలనొప్పి. ఫోటోలు తీయుటకు వచ్చిన కుఱ్ఱవాడు సంఘము పేర ఖాతా తెరచి, తన సొంత ఫోను నంబరు ఇచ్చినాడు. అతడు వేఱు ఊరు పోగా, ఓ.టి.పి.లు అతనికే పోవుచుండెను. రెండు నెలలు మన దుకాణము తలుపు మనకే తెరువబడలేదు. ఇప్పుడు సంఘము పేరనే ఒక నంబరు తీసి, ఆ ఫోను బీరువాలో ఉంచినాము.

కార్యదర్శులు గమనింపవలసిన మాట మరొకటి కలదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము, కంప్యూటరు కాగితమును కోర్టులో దాఖలు చేయునప్పుడు ధ్రువపత్రము జతచేయవలెను. యంత్రము సరిగా పనిచేయుచున్నదని దాని బాధ్యత గలవారు, నిపుణుడొకరు సంతకము చేయవలెను. మా గుమాస్తా వ్యవహారము నేడు కోర్టుకెక్కియున్నచో అట్టి సంతకము నన్నే అడుగుదురు. తెలియక చేసియుందును.

తీరని చిక్కు ఒకటి మిగిలినది. కంపెనీవారితో ఒప్పందము ఈ సంవత్సరము ముగియును. మేము వారిని విడిచినచో మా లెక్కలన్నియు వేఱు యంత్రములో చదువదగిన రూపమున తిరిగి ఇయ్యవలెనని షరతు కోరితిమి. వారు ఇంతవరకు ఒప్పుకొనలేదు. ఏ సంఘమువారైనను ఇట్టి షరతు వ్రాయించుకొనియున్నచో, దాని మాటలు ఈ పత్రికకు పంపగోరుచున్నాను. మా గుమాస్తా దినచిట్టా వ్రాయుచునే యున్నాడు. పుస్తకముల ఖర్చు ఇప్పుడు సంఘమే భరించుచున్నది.