యాళి నీడ, నీళ్లలో నీడ: బొమ్మకి ముందు వేసుకోవాల్సిన ప్లాన్

పోయిన ఎపిసోడ్‌లో యాళిని గీశాం. సింహం ఒళ్లు, ఏనుగు తొండం, విజయనగర కాలం నాటి గుడి స్తంభాల మీద చూస్తాం కదా, అదే. ఈసారి దాన్ని ఒక చోట నిలబెడదాం. సాయంత్రం పూట, కోనేటి మెట్ల మీద. మనం అవతలి గట్టు నుంచి చూస్తున్నాం. ఎండ ఎడమవైపు నుంచి, కొంచెం మనవైపు నుంచి పడుతోంది.

చాలామంది పంపే బొమ్మల్లో జంతువు బాగుంటుంది, జూలు బాగుంటుంది. కానీ కత్తిరించి అంటించినట్టు ఉంటుంది. యాళిని ఎవరూ చూడలేదు కాబట్టి గోళ్లు ఎలా వేసినా ఒప్పుకుంటారు. నీడని మాత్రం అందరూ రోజూ చూస్తారు. అది తేడాగా ఉంటే, ఏది తప్పో చెప్పలేకపోయినా బొమ్మని నమ్మరు.

మన భాషలో ఇంకో చిక్కుంది. ఎండకి నేల మీద పడేదీ నీడే, నీళ్లలో కనబడేదీ నీడే. బావిలో తన నీడ చూసి దూకిన సింహం కథలో ఉన్నది నిజానికి ప్రతిబింబం! మాట ఒకటే కావడంతో బొమ్మలో కూడా రెండిటినీ ఒకేలా పక్కకి వాల్చి వేసేస్తారు. రెండూ వేరండీ. నీడ ఎటు పడాలో చెప్పేది సూర్యుడు. ప్రతిబింబం ఎలా కనపడాలో చెప్పేది చూసేవాడి కన్ను. సూర్యుడు ఎటున్నా సరే, నిలకడగా ఉన్న నీళ్లలో ప్రతిబింబం వస్తువుకి నిట్టనిలువుగా కిందే ఉంటుంది.

మన బొమ్మలో చూడండి. నీడ కుడివైపుకి, వెనక్కి పోతుంది. అక్కడ మెట్లున్నాయి కదా, అవి ఎక్కుతూ పోవాలి. మెట్టు పైభాగం మీద ఒక వాలు, నిలువు ముఖం మీద ఇంకో వాలు. ఈ విరుపులు వేస్తే మెట్ల ఆకారం దానంతటదే తెలిసిపోతుంది. పంజా కింద, రాయిని తాకేచోట సన్నటి ముదురు గీత మర్చిపోకండి. అది లేకపోతే యాళి గాల్లో తేలుతుంది.

ఇప్పుడు ప్రతిబింబం. బొమ్మని తలకిందులు చేసి అంటిస్తే సరిపోదా అంటారా? సరిపోదు. నీళ్లలో కనపడేది కింద నుంచి చూసిన యాళి. గడ్డం అడుగు, పొట్ట కనబడతాయి. అది నీటి అంచుకి వెనగ్గా, నాలుగు మెట్లు పైన నిలబడితే, కాళ్ల ప్రతిబింబాన్ని ముందున్న మెట్ల ప్రతిబింబమే కప్పేస్తుంది. తల, తొండం మాత్రం దక్కుతాయి. కొలత ఎప్పుడూ నీటి మట్టం నుంచే తీసుకోవాలి, పాదాల నుంచి కాదు.

నమ్మకం కుదరకపోతే వినాయక చవితికి తెచ్చిన మట్టిలో మిగిలింది తీసి, బొటనవేలంత యాళిని చేయండి. అద్దం పక్కన పెట్టి టార్చి వేయండి. డైనోటోపియా బొమ్మలు వేసిన జేమ్స్ గర్నీ కూడా ఇలా చిన్న మట్టి నమూనాలు చేసుకునే పద్ధతిని 2009లో వచ్చిన తన పుస్తకం ఇమాజినేటివ్ రియలిజంలో చూపించాడు.

కంపోజిషన్ విషయానికొస్తే, ప్రతిబింబం అంటే బొమ్మలోకి ఇంకో జంతువు వచ్చినట్టే. నీటి అంచు సరిగ్గా మధ్యలో పడితే బొమ్మ రెండు ముక్కలవుతుంది, కన్ను ఎటు పోవాలో తెలీదు. అందుకే అగ్గిపెట్టెంత స్కెచ్‌లు ఓ ఆరు వేయండి. తెలుపు, బూడిద, నలుపు మూడే టోన్లు, వివరాలొద్దు. ఒకదాంట్లో అంచు బాగా కిందికి దించండి, యాళిదే రాజ్యం. ఇంకోదాంట్లో పైకి జరపండి, అప్పుడు కథంతా నీళ్లలోదే. నాకైతే రెండోదే ఇష్టం, కాకపోతే కష్టం ఎక్కువ.

టోన్లు గుర్తుపెట్టుకోండి. మామూలుగా నీళ్లలో తెలుపు కాస్త మసకబారుతుంది, నలుపు కాస్త తేలిపోతుంది. మన దగ్గరి నీళ్లలో కోనేటి పచ్చదనం ఎక్కువ, దూరం పోయేకొద్దీ ప్రతిబింబం ఎక్కువ. చిన్న అలలుంటే అది అడ్డంగా కంటే నిలువుగానే ఎక్కువ సాగుతుంది, ముక్కలవుతుంది. ఎండ నీటి మీద నుంచి ఎగిరి యాళి పొట్ట కింద, గడ్డం కింద మిలమిలలాడుతుంది. ఆ ఒక్క వెలుగు వేస్తే చాలు, జంతువు నీళ్ల పక్కనే ఉందని తెలుస్తుంది.

మరి ఫాంటసీ కదా, రూల్ తప్పకూడదా? తప్పొచ్చు. మెట్ల మీద రాతి యాళి, నీళ్లలో మాత్రం అది కళ్లు తెరిచి చూస్తోంది అనుకోండి. భలే ఉంటుంది. కానీ తప్పేది అదొక్కటే అవ్వాలి. మెట్లు, నీడ, నీటి అంచు అన్నీ పక్కాగా ఉంటేనే ఆ కళ్ల దగ్గర చూసేవాడు ఆగుతాడు. లేకపోతే అదీ పొరపాటే అనుకుంటాడు.

ఆరు స్కెచ్‌లూ వేసి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో అందులోంచి ఒకటి తీసుకుని రంగు మొదలుపెడదాం.